పడి లేచిన లిస్బన్‌లో ఒక రోజు

లిస్బన్‌లో టేగస్ నది ఒడ్డున ఒక పెద్ద మైదానంలాంటి కూడలి ఉంది. మూడు వైపులా పసుపు రంగు భవనాలు, నాలుగో వైపు నీళ్లు. మ్యాపుల్లో దాని పేరు 'ప్రాసా దు కొమేర్సియు', అంటే వర్తక కూడలి. ఊరివాళ్లలో చాలామంది మాత్రం ఇప్పటికీ 'తెరైరు దు పాసు' అనే అంటారు. రాజభవనం ముంగిలి అని దాని అర్థం. పక్కనున్న మెట్రో స్టేషన్‌కూ అదే పేరు. అయితే చుట్టూ ఎంత వెతికినా అక్కడ రాజభవనం కనిపించదు. అది కూలిపోయి 270 ఏళ్లు దాటింది. ఇల్లు పోయినా వాకిలి పేరు మిగిలింది.

ఆ భవనం కూలింది 1755 నవంబరు 1, శనివారం, ఉదయం సుమారు 9.40 గంటలకు. యూరప్ ఎరిగిన అతి పెద్ద భూకంపాల్లో అదొకటి. ఆ పొద్దుటికి ముందున్న లిస్బన్ వేరు, తర్వాత లేచిన లిస్బన్ వేరు. పోర్చుగల్ రాజధానిని ఒక్క రోజులో చూసి రావాలనుకునేవారికి ఈ రెండు ఊళ్లూ పక్కపక్కనే దొరుకుతాయి. కొండ మీద పాతది, లోయలో కొత్తది. పడమటగా ఆరు కిలోమీటర్ల దూరంలో, ఈ రెంటికీ సంపద మోసుకొచ్చిన ఓడల రేవు. పొద్దున్నే కొండ మీద మొదలుపెట్టి సాయంత్రానికి ఆ రేవు చేరుకుంటే లిస్బన్ చరిత్రలో ముఖ్యమైన మలుపులన్నీ దారిలోనే తగులుతాయి.

కొండ మీద పాత ఊరు

మొదట చూడాల్సింది అల్ఫామా. కోట కొండ వాలులో అల్లుకున్న సందుగొందుల పేట అది. రెండు చేతులు చాపితే రెండు పక్కల గోడలూ తగిలే ఇరుకు దారులు, మలుపు మలుపుకీ మెట్లు, పై అంతస్తుల కిటికీల్లో ఆరేసిన బట్టలు. మిగతా వీధుల్లో పసుపు రంగు 28వ నంబరు ట్రాము ఇళ్ల గోడలను రాసుకుంటున్నట్టుగా మలుపులు తిరుగుతుంది గానీ, ఇక్కడి లోపలి సందుల్లోకి కాలినడక తప్ప దారి లేదు. జూన్ నెలలో సెయింట్ ఆంథోనీ పండుగ రాత్రి ఈ సందులన్నీ సార్డీన్ చేపలు కాల్చే పొగతో నిండిపోతాయి. పడువా ఆంథోనీగా లోకం ఎరిగిన ఆ సాధువు పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన పుట్టిన చోటని చెప్పే స్థలంలో, సే అని పిలిచే ప్రధాన చర్చి పక్కనే, ఆయన పేరిట చర్చి ఉంది.

అల్ఫామా అన్న పేరు అరబ్బీ నుంచి వచ్చింది. 'అల్ హమ్మా' అంటే వేడినీటి ఊట. నాలుగు వందల ఏళ్లకు పైగా ఈ ఊరు ముస్లిం పాలకుల చేతిలో ఉంది. 1147లో పోర్చుగల్ మొదటి రాజు అఫొన్సు ఎన్రికెష్, జెరూసలేం వైపు ఓడల్లో వెళుతున్న ఇంగ్లీషు, ఫ్లెమిష్, జర్మన్ క్రూసేడు యోధులను దారిలో ఆపి తన వైపు తిప్పుకున్నాడు. దాదాపు నాలుగు నెలల ముట్టడి తర్వాత అక్టోబరులో కోట పడిపోయింది. మసీదు ఉన్న స్థలంలో ప్రధాన చర్చి లేచింది. కోటకు సెయింట్ జార్జ్ పేరు ఆ తర్వాతి కాలంలో పెట్టారు. గెలిచినవాళ్లు చాలా పేర్లు మార్చారు గానీ అల్ఫామా పేరు మాత్రం జనం నోళ్లలో నిలిచిపోయింది.

1755లో అల్ఫామా కూడా దెబ్బతింది. కానీ కింద లోయలా నేలమట్టం కాలేదు. ఈ పేట గట్టి కొండ నేల మీద ఉంది. లోయలోని ఇళ్లేమో నది తెచ్చి పోసిన ఒండ్రు మట్టి మీద ఉన్నాయి. అదురు వచ్చినప్పుడు మెత్తటి నేల ఎక్కువగా ఊగుతుంది. ఇవాళ యాత్రికులు మురిసిపోతూ ఫోటోలు తీసుకునే ఆ వంకర సందులు మిగలడానికి ఈ నేల తేడా ఒక ముఖ్య కారణం.

కోట పైనుంచి చూస్తే ఎర్ర పెంకుల కప్పులన్నీ దాటి నది వరకు ఊరంతా కనిపిస్తుంది. ఈ కోట బురుజుల్లో ఒకదాని పేరు తోంబు బురుజు. రాజ్యం కాగితాలన్నీ అందులో దాచేవారు. భూకంపానికి ఆ బురుజు కూలింది. అప్పుడు ఆ భాండాగారానికి అధికారి మాన్యుయెల్ ద మాయా అనే సైనిక ఇంజినీరు. వయసు 78 ఏళ్లు. శిథిలాల కింది నుంచి దస్తావేజులు తీయించి, కోట ఆవరణలోనే చెక్కలతో పాక వేయించి అందులో భద్రపరిచాడు. పోర్చుగల్ జాతీయ భాండాగారం తర్వాత వేరే చోటికి మారింది, ఇప్పుడు విశ్వవిద్యాలయం పక్కన పెద్ద భవనంలో ఉంది. పేరు మాత్రం ఆ కూలిన బురుజుదే: తోరె దు తోంబు. ఆ ముసలి ఇంజినీరు ఈ కథలో మళ్లీ వస్తాడు.

ఆ ఉదయం

కొండ దిగి నది ఒడ్డు కూడలికి వస్తే ఆ ఉదయాన్ని తలుచుకోకుండా ఉండలేం. ఆ రోజు సకల పునీతుల పండుగ. చర్చిలన్నీ జనంతో కిటకిటలాడుతున్నాయి. బలిపీఠాల మీద, ఇళ్లలో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. అప్పటికి లిస్బన్ జనాభా దాదాపు రెండు లక్షలు. బ్రెజిల్ బంగారంతో యూరప్‌లోని సంపన్న రాజధానుల్లో ఒకటిగా వెలుగుతోంది. ఈ ఒడ్డునే ఉన్న రిబైరా రాజభవనంలో 70 వేల సంపుటాల గ్రంథాలయం ఉండేది. గోడల మీద టిషియన్, రూబెన్స్ చిత్రాలు ఉండేవి. పక్కనే కొత్తగా కట్టిన ఒపేరా శాల. దానికి ప్రారంభోత్సవం జరిగి ఏడు నెలలు మాత్రమే అయింది.

నేల కొన్ని నిమిషాల పాటు ఆగి ఆగి ఊగింది. చర్చిల కప్పులు ప్రార్థనలో ఉన్నవారి మీద కూలాయి. బతికి బయటపడినవాళ్లు కూలే గోడలకు దూరంగా, ఖాళీ స్థలం వెతుక్కుంటూ ఈ నది ఒడ్డుకే పరుగెత్తారు. నీళ్లు వెనక్కి తగ్గి నది అడుగు బయటపడింది. భూకంపం వచ్చిన ముప్పావు గంటకల్లా సముద్రం నదిలోకి ఎగదన్నుకొచ్చింది. ఒడ్డున గుమిగూడినవాళ్లను అలలు లాక్కుపోయాయి. గోరుచుట్టు మీద రోకటి పోటులా, పడిపోయిన కొవ్వొత్తుల నుంచి, వంటింటి పొయ్యిల నుంచి అంటుకున్న మంటలు అయిదారు రోజులు ఊరిని కాల్చాయి. సకల పునీతుల పేరు పెట్టుకున్న పెద్దాసుపత్రి కూడా రోగులతో సహా కాలిపోయింది. రాజభవనం, గ్రంథాలయం, ఒపేరా శాల ఏవీ మిగల్లేదు. మృతుల లెక్క మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ముప్పై వేల నుంచి యాభై వేల మధ్య అన్నవి తరచూ కనిపించే అంచనాలు.

రాజు మొదటి జొజే ఆ తెల్లవారుజామునే కుటుంబంతో బెలేం వైపు వెళ్లడంతో ప్రాణాలతో బయటపడ్డాడు. కానీ రాతి గోడల మధ్య పడుకోవాలంటే ఆయనకు జీవితాంతం భయమే. అజుడా కొండ మీద గుడారాలు, ఆ తర్వాత కొయ్యతో కట్టిన నివాసం వేయించుకుని, 1777లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఒక సామ్రాజ్యాన్ని 22 ఏళ్ల పాటు చెక్కల ఇంటి నుంచి ఏలాడు.

అంతకు ముందరి లిస్బన్ ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే ఒక దారి ఉంది. 1700 ప్రాంతంలో నీలి, తెలుపు రంగుల అజులేజు అనే గోడ పలకల మీద నది వెంట ఉన్న ఊరినంతా చిత్రించారు. దాదాపు 23 మీటర్ల పొడవైన ఆ పలకల చిత్రం జాతీయ అజులేజు మ్యూజియం సొత్తు. అందులో రాజభవనం ఉంది, ముంగిలి ఉంది, ఒడ్డున ఓడలున్నాయి. కూలిపోయిన వీధులన్నీ ఒక గోడ పొడవునా నిలిచి ఉన్నాయి.

పంజరాల మీద కట్టిన పేట

రాజు బెదిరిపోయాడు. అధికారం మంత్రి చేతికి వచ్చింది. ఆయన సెబాస్టియావ్ జొజే ద కర్వాల్యు. తర్వాతి కాలంలో పోంబాల్ మార్క్విస్‌గా చరిత్రకెక్కాడు. అంటురోగాలు ప్రబలకుండా శవాలను పడవల్లో తీసుకెళ్లి సముద్రంలో వదలమన్నాడు. తిండిగింజల ధరలు పెంచకుండా కట్టడి చేశాడు. దోపిడీగాళ్లను అందరికీ కనిపించేలా ఉరికొయ్యలెక్కించాడు. శిథిలాలు తీయడానికి ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు ఊరు వదిలి పోకుండా ఆపించాడు.

ఆ పైన ఆయన చేసిన పని శాస్త్ర చరిత్రలోకి ఎక్కింది. 1756 మొదట్లో దేశంలోని చర్చి పరగణాలన్నింటికీ ప్రశ్నల పట్టీ పంపించారు. భూకంపం ఎన్ని గంటలకు మొదలైంది? ఎంతసేపు ఉంది? ఎన్ని ఇళ్లు పడ్డాయి? ఎంతమంది పోయారు? సముద్రం ముందు పెరిగిందా, తగ్గిందా? బావుల్లో, ఊటల్లో నీళ్లు మారాయా? నేల ఎక్కడైనా చీలిందా? దేవుడి కోపమని ప్రసంగించే కాలంలో, ఊరూరి పూజారుల చేత కొలతలు రాయించిన ప్రశ్నలివి. భూకంప శాస్త్రానికి తొలి అడుగుల్లో దీన్ని ఒకటిగా లెక్కిస్తారు. వచ్చిన జవాబుల్లో చాలా భాగం తోరె దు తోంబులో ఇప్పటికీ ఉన్నాయి.

ఊరు మళ్లీ కట్టడం ఎలా? 1755 డిసెంబరు 4న, భూకంపం వచ్చి సరిగ్గా అయిదు వారాలైనా కాకముందే, మాన్యుయెల్ ద మాయా తన నివేదిక మొదటి భాగం సమర్పించాడు. ఉన్నది ఉన్నట్టుగా కట్టడం దగ్గర్నుంచి, రాజధానిని బెలేం వైపు కొత్త చోటికి తరలించడం వరకు అన్ని దారులూ బేరీజు వేశాడు. చివరికి లోయలో మిగిలినవి పడగొట్టి, తిన్నని వెడల్పాటి వీధులతో కొత్తగా కట్టాలని నిర్ణయించారు. ఎవ్జెనియు దుష్ సాంతుష్ గీసిన ప్రణాళికకు 1758లో ఆమోదం దొరికింది. కూడలి నుంచి రొసియో మైదానం దాకా గళ్ల చీరలా పరుచుకున్న బైషా పేట అలా పుట్టింది.

బైషా వీధుల్లో నడిచేవాళ్లు పేర్ల పలకలు చదువుకుంటూ పోవాలి. బంగారం వీధి, వెండి వీధి, చెప్పులు కుట్టేవాళ్ల వీధి, బట్టల వర్తకుల వీధి, జీను పనివాళ్ల వీధి. ఏ వృత్తివాళ్లు ఎక్కడ ఉండాలో ప్రణాళికలోనే ఉంది. రెండు పక్కలా ఇళ్లన్నీ ఒకే ఎత్తు, ఒకే కొలత కిటికీలు. తలుపులు, కిటికీలు, ఇనుప కటకటాలు ఒకే కొలతలో ముందే తయారు చేసి తెచ్చి బిగించేవారు. త్వరగా, చవకగా కట్టాలంటే అదే మార్గం.

అసలు విశేషం గోడల లోపల ఉంది, బయటికి కనిపించదు. నిలువు కర్రలు, అడ్డ కర్రలు, వాటి మధ్య కత్తెరలా ఏటవాలు కర్రలు బిగించి ముందు కొయ్య చట్రం నిలబెట్టారు. దాని సందుల్లో రాళ్లూ ఇటుకలూ సున్నంతో పూడ్చి పైన గిలాబు చేశారు. నేల ఊగితే కొయ్య వంగుతుంది, మళ్లీ నిలదొక్కుకుంటుంది. రాయి రాలినా కప్పు మనిషి మీద పడదు. ఈ చట్రాన్ని 'గాయోలా' అన్నారు, అంటే పిట్టల పంజరం. నమూనా ఒకటి కట్టి, చుట్టూ సైనికుల చేత కవాతు తొక్కించి పరీక్షించారని చెబుతారు. నీరూరే మెత్తటి నేలలో పునాదుల కింద పైన్ గుంజలు దిగ్గొట్టారు. ఒక ఇంటి మంట పక్కింటికి పాకకుండా ఇళ్ల మధ్య గోడలను కప్పు కంటే పైకి లేపారు. వీధుల అడుగున మురుగు కాలువలు వేశారు. భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని ఒక నగర కేంద్రం మొత్తాన్ని ఒకే పద్ధతిలో కట్టడం యూరప్‌లో తొలి ఉదాహరణల్లో ఒకటి.

ఈ పునాదుల తవ్వకాల్లో ఇంకా పాత లిస్బన్ కూడా బయటపడింది. 1771లో వెండి వీధి కింద రోమన్ల కాలపు రాతి సొరంగాలు దొరికాయి. అప్పట్లో ఈ ఊరి పేరు ఒలిసిపో. సొరంగాల్లో నీరు నిలిచి ఉంటుంది కనుక, తోడేసి ఏడాదిలో కొద్ది రోజులే జనాన్ని దిగనిస్తారు.

కూడలి నడుమ గుర్రం మీద ఉన్న జొజే రాజు కంచు విగ్రహాన్ని 1775లో ఆవిష్కరించారు. పీఠం మీద పోంబాల్ ముఖం ఉన్న బిళ్ల ఉంటుంది. రాజు పోయి మంత్రి పదవి పోయాక 1777లో దాన్ని పీకేశారు. 1833లో మళ్లీ పెట్టారు. ఊరు కట్టినవాడిని తలచుకోవాలా, మరచిపోవాలా అన్నది తేల్చుకోవడానికి లిస్బన్‌కు అర్ధ శతాబ్దం పైనే పట్టింది.

రొసియోలో మంటలు

ఆ సందేహం ఎందుకొచ్చిందో రొసియో దగ్గర తెలుస్తుంది. నలుపు తెలుపు చిన్న రాళ్లతో అలలు పరిచినట్టుండే నేల, ఊటనీళ్ల ఫౌంటెన్లు, పూలమ్మేవాళ్లు. ఉత్తరాన జాతీయ నాటకశాల ఉన్న చోట ఒకప్పుడు ఇంక్విజిషన్ భవనం ఉండేది. 1536 నుంచి 1821 వరకు పోర్చుగల్‌లో సాగిన ఈ మత విచారణ సంస్థ ఎందరినో చెరబెట్టింది, హింసించింది, చితి ఎక్కించింది. భూకంపం దేవుడి శిక్ష, జనం ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, ఇళ్లు కట్టుకుంటూ కూర్చోకూడదు అని ప్రచారం చేసిన గాబ్రియెల్ మలాగ్రిదా అనే జెసూట్ గురువును 1761లో ఈ మైదానంలోనే గొంతు నులిమి చంపి దహనం చేశారు. అప్పుడు ఇంక్విజిషన్ పగ్గాలు పోంబాల్ తమ్ముడి చేతిలో ఉన్నాయి. హేతువును నమ్మిన మంత్రే తన ప్రత్యర్థిని కాల్చడానికి పాత చితినే వాడుకున్నాడు.

పక్కనే సెయింట్ డొమినిక్ చర్చి. 1506 ఏప్రిల్‌లో, ఈస్టర్ రోజుల్లో, ఇక్కడ మొదలైన అల్లర్లలో బలవంతంగా మతం మార్చబడిన యూదులను వందల్లో కాదు, వేలల్లో చంపారు. ఆ హత్యాకాండకు గుర్తుగా చర్చి ముందు 2008లో స్మారక శిల పెట్టారు. చర్చి 1755లో కూలింది, మళ్లీ కట్టారు. 1959లో లోపలంతా కాలిపోయింది. బాగుచేసినప్పుడు మసిబారిన స్తంభాలనూ పగిలిన రాళ్లనూ నున్నగా చేయకుండా అలాగే ఉంచేశారు. లోపల అడుగుపెట్టగానే యాత్రికుల మాటలు ఆగిపోతాయి.

ఆకాశమే కప్పు

రొసియో నుంచి పడమటి కొండ ఎక్కితే కార్మో మఠం. 1389లో సేనాపతి నూను ఆల్వరెష్ పెరైరా కట్టించిన చర్చి ఇది. నవంబరు 1న కప్పు కూలింది. తర్వాత బాగుచేయడం మొదలుపెట్టారు గానీ పూర్తి చేయలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక ఇలాగే ఉండనిద్దాం అనుకున్నారు. మొండి స్తంభాల మీద రాతి వంపులు ఎముకల గూడులా నిలబడి ఉంటాయి, వాటి నడుమ నీలాకాశం. నేల మీద పచ్చిక. 1864లో ఇక్కడ పురావస్తు మ్యూజియం పెట్టారు. లిస్బన్‌లో 1755ను మాటల్లేకుండా చెప్పే చోటు ఇదొక్కటే.

మఠం ముందున్న చిన్న మైదానంలో ఇంకో చరిత్ర కూడా జరిగింది. 1974 ఏప్రిల్ 25న, 48 ఏళ్ల నియంతృత్వాన్ని దించడానికి యువ సైనికాధికారులు కదిలారు. ప్రధాని మార్సెలు కయెతాను ఈ మఠాన్ని ఆనుకున్న సాయుధ దళం కార్యాలయంలో తలదాచుకున్నాడు. 29 ఏళ్ల కెప్టెన్ సల్గైరు మాయా సాయుధ వాహనాలతో వచ్చి చుట్టుముట్టాడు. ఇళ్లలోనే ఉండమని రేడియోలో చెప్పినా వినకుండా జనం మైదానం నిండా చేరారు, చెట్లెక్కారు. సాయంత్రానికి ప్రధాని లొంగిపోయాడు. సైనికుల తుపాకీ గొట్టాల్లో జనం ఎర్రటి కార్నేషన్ పూలు గుచ్చారు. ఆ రోజు రహస్య పోలీసుల కాల్పుల్లో నలుగురు చనిపోయారు.

ఈ మైదానానికి మన దేశంతోనూ సంబంధం ఉంది. గోవాను 1961లోనే భారత సైన్యం విముక్తం చేసినా లిస్బన్‌లోని నియంతృత్వ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ ప్రభుత్వం ఇక్కడ కూలాకనే, 1974 డిసెంబరులో, గోవా భారతదేశంలో భాగమని పోర్చుగల్ సంతకం చేసింది.

కొండ దిగే ముందు షియాదు పేటలో ఒక కాఫీ తాగవచ్చు. కవి ఫెర్నాందు పెసోవా కంచు విగ్రహం కాఫీ దుకాణం బయట బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది. అదే వీధిలో 1732 నుంచి నడుస్తున్న బెర్‌ట్రాండ్ పుస్తకాల దుకాణం ఉంది. భూకంపానికి చోటు మారింది గానీ మూతపడలేదు. నేటికీ నడుస్తున్న పుస్తకాల దుకాణాల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనంటారు.

మిరియాల రేవు

మధ్యాహ్నం దాటాక నది వెంట ట్రాములో బెలేం చేరాలి. ఇక్కడి నేల గట్టిది, భూకంపానికి పెద్దగా చెదరలేదు. అందుకే 1755కు ముందటి లిస్బన్ వైభవం పూర్తిగా చూడాలంటే ఇక్కడికే రావాలి. జెరోనిముష్ మఠం పని 1501లో మొదలై దాదాపు వందేళ్లు సాగింది. రాతి స్తంభాలు తాటిమానుల్లా లేచి పైన కొమ్మల్లా విడిపోతాయి. గోడల నిండా ఓడ తాళ్లు, పగడాలు, నావికుల గోళ యంత్రాలు చెక్కి ఉంటాయి. ఇంత పనికి డబ్బెక్కడిది? ఆఫ్రికా నుంచి, తూర్పు దేశాల నుంచి వచ్చే సరుకు మీద వేసిన అయిదు శాతం పన్ను. ఆ పన్నుకు జనం పెట్టిన పేరులోనే 'మిరియం' ఉంది. మలబారు తీరంలో కాసిన మిరియాలు ఇక్కడ రాతి పువ్వులయ్యాయి.

ఈ ఒడ్డు నుంచే 1497 జులై 8న వాస్కో ద గామా బయల్దేరి మరుసటి ఏడు మే నెలలో కాలికట్ తీరం చేరాడు. మన బడి పుస్తకాలు ఈ తేదీ చెబుతాయి. 1502లో రెండోసారి వచ్చినప్పుడు, మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను స్త్రీలూ పిల్లలతో సహా తగలబెట్టించాడన్నది అంతగా చెప్పవు. 1524లో కొచ్చిలో చనిపోయాడు. మొదట అక్కడి చర్చిలోనే పాతిపెట్టారు. అస్థికలు 1539లో పోర్చుగల్‌కు, 1880లో ఈ మఠానికి వచ్చాయి. ఎదుటి సమాధి ఆ ప్రయాణాన్ని మహాకావ్యంగా రాసిన కమోయెంష్‌ది. ఆయన్ను మొదట పాతిపెట్టిన చర్చి 1755లో దెబ్బతింది. అందుకే ఇక్కడున్న ఎముకలు నిజంగా ఆయనవేనా అన్న అనుమానం నేటికీ ఉంది.

మిరియాలతో పాటు మనుషులనూ ఈ నది మీదే తెచ్చారు. పదహారో శతాబ్దం మధ్యలో లిస్బన్ జనాభాలో దాదాపు పదో వంతు బానిసలే. జెరోనిముష్ మఠం అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ అంకె మరచిపోకూడదు. నది ఒడ్డున 1960లో కట్టిన 52 మీటర్ల స్మారకం మీద నావికులు, రాజులు, కవులు వరుసగా నిలబడి ఉంటారు. ఆ ఓడల్లో గొలుసులతో వచ్చినవాళ్లు అందులో ఒక్కరూ కనిపించరు.

తెలుగువాళ్లకు ఈ రేవు మరీ పరాయిది కాదు. శ్రీకృష్ణదేవరాయల సైన్యానికి కావలసిన గుర్రాలు గోవా మీదుగా పోర్చుగీసు వర్తకుల నుంచి వచ్చేవి. పోర్చుగీసువాళ్లు డొమింగో పేస్, ఫెర్నావ్ నూనిజ్ రాసి పెట్టకపోతే విజయనగర వైభవం గురించి మనకు తెలిసింది చాలా తగ్గిపోయేది. మన ఇళ్లలోకీ ఈ భాష వచ్చి చేరింది. అల్మారా, బొత్తాం, తువ్వాలు, మేస్త్రీ, వేలం, అనాస అన్నీ పోర్చుగీసు మాటల నుంచి వచ్చినవే. అమెరికా ఖండంలో పుట్టిన మిరప మొక్కను మన దేశానికి చేర్చింది కూడా ఈ నావికులే. ఆవకాయ కారానికి దారి ఈ నది నుంచే మొదలైంది.

మఠం పక్కనే 1837 నుంచి ఒకే రహస్య పద్ధతిలో చేస్తున్న గుడ్డు, పాల మీగడ నింపిన చిన్న తీపి రొట్టెలు దొరుకుతాయి. పైన దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడివేడిగా తినాలి. ఆ దుకాణానికి కూతవేటు దూరంలో ఒక ఇరుకు సందు ఉంది. పేరు 'ఉప్పు చల్లిన నేల'. 1758లో రాజు మీద హత్యాయత్నం జరిగింది. ఆ నేరం మోపి మరుసటి జనవరిలో అవైరో డ్యూకునూ, తావొరా కుటుంబం వాళ్లనూ బెలేంలో జనం ముందు చిత్రహింసలు పెట్టి చంపారు. డ్యూకు భవనం నేలమట్టం చేసి, మళ్లీ ఏమీ మొలవకూడదని ఉప్పు చల్లారు. అక్కడ నిలబెట్టిన రాతి స్తంభం ఇంకా ఉంది. పంజరాల ఇళ్లు కట్టించిన పోంబాలే ఇదీ చేయించాడు. ఆయన్ను తూచాలంటే బైషా వీధులతో పాటు ఈ సందునూ తక్కెడలో వేయాలి.

గుజరాత్ నుంచి వచ్చిన అతిథి

పొద్దు వాలే వేళకు బెలేం గోపురం దగ్గరకు చేరుకోవాలి. 1510ల్లో రేవు కాపలా కోసం కట్టిన ఈ చిన్న కోట నది అంచున తెల్లగా నిలబడి ఉంటుంది. అందరూ దాని బాల్కనీలు, రాతి తాళ్ల ముడులు చూసి వెళ్లిపోతారు. ఇంకొంచెం ఓపిక పట్టి వాయవ్య మూలకు తిరిగి, అక్కడి బురుజు అడుగున తల ఎత్తి చూడాలి. ఒక ఖడ్గమృగం తల కనిపిస్తుంది.

గుజరాత్ సుల్తాన్ రెండో ముజఫర్ షా ఆ జంతువును పోర్చుగీసు గవర్నర్ అల్బుకర్క్‌కు కానుకగా పంపాడు. గోవా నుంచి ఓడ ఎక్కి 1515 మే 20న అది లిస్బన్‌లో దిగింది. రోమన్ల కాలం తర్వాత యూరప్ గడ్డ మీద ఎవరూ ఖడ్గమృగాన్ని చూడలేదు. రాజు మాన్యుయెల్ రాజభవనం దగ్గరే దానికీ ఒక ఏనుగుకూ పోటీ పెట్టించాడు. ఏనుగు బెదిరి పారిపోయింది. ఎవరో పంపిన ఉత్తరమూ బొమ్మా ఆధారంగా జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ దాని చిత్రాన్ని చెక్కమీద చెక్కి అచ్చు వేశాడు. ఆ జంతువును ఆయన కళ్లతో ఎన్నడూ చూడలేదు. అయినా తర్వాతి రెండు శతాబ్దాలకు పైగా యూరప్‌కు ఖడ్గమృగం అంటే ఆ బొమ్మే.

రాజు ఆ ప్రాణిని పోప్‌కు కానుకగా మళ్లీ ఓడెక్కించాడు. 1516 మొదట్లో ఇటలీ తీరం దగ్గర తుపానులో ఓడ మునిగింది. గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల ఈదలేక అదీ మునిగిపోయింది. బెలేం గోపురం మీది రాతి తల అయిదు వందల ఏళ్ల గాలికీ ఉప్పునీటి తేమకూ బాగా అరిగిపోయింది. లిస్బన్ వెళ్లే తెలుగువాళ్లు దాన్ని చూడకుండా తిరిగి రావద్దు.